ఆ చుక్కలు, గీతలు ఏ రోజువి?

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం ఈ ట్రాఫిక్‌లో ఇక్కడిదాకా వచ్చారు, ముందు దానికి థాంక్స్. నేను టాటూలు వేస్తాను. దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న షాపు, ఒక కుర్చీ, ఒక బల్ల, పదకొండేళ్ళు అయింది. సినిమావాళ్ళు, క్రికెటర్లు వేయించుకున్న టాటూల గురించి, వాటి వెనక ఉన్న సొంత కారణాల గురించి మాట్లాడమని పిలిచారు. నేను లెక్చర్లు ఇచ్చేవాణ్ణి కాదు, పని చేస్తూ చూసినవి, చదివి తెలుసుకున్నవి చెప్తాను, మధ్యలో ఎవరైనా ఆపి అడగొచ్చు.

మూడేళ్ళ కిందట ఒక కుర్రాడు వచ్చాడు, ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. ఫోన్‌లో నాగచైతన్య గారి చేతి ఫోటో తీసి చూపించాడు. ముంజేతి మీద అన్నీ చుక్కలూ గీతలూ, మీలో చాలామంది చూసే ఉంటారు. "అన్నా, సేమ్ ఇదే కావాలి, మస్తుగుంది" అన్నాడు. ఇది ఏమిటో తెలుసా తమ్ముడూ అంటే, డిజైన్ కదన్నా అన్నాడు. అది డిజైన్ కాదు. అది మోర్స్ కోడ్, వెనకటికి టెలిగ్రాం ఆఫీసులో టక్ టక్ అని కొట్టేవాళ్ళే, ఆ భాష. అందులో 6 అంటే ఒక గీత, నాలుగు చుక్కలు. 1 అంటే ఒక చుక్క, నాలుగు గీతలు. సున్నా అంటే ఐదూ గీతలే. కాగితం మీద రాసి చూపించాను. ఆయన చేతి మీద ఉన్నది 2017 అక్టోబర్ 6, గోవాలో సమంత గారితో ఆయన పెళ్ళి జరిగిన తేదీ. 2021 అక్టోబర్ 2న విడిపోతున్నామని ఇద్దరూ ప్రకటించారు, అది అందరికీ తెలిసిందే. ఆ మరుసటి ఏడాది ఒక ఇంటర్వ్యూలో ఆయనే ఈ సంగతి చెప్పారు, కొందరు ఫ్యాన్స్ ఈ టాటూని చూసి వేయించుకుంటున్నారని, ఇది నా పెళ్ళి రోజు, మీరు కాపీ చేయాల్సింది కాదని.

ఆ కుర్రాడు కాసేపు ఏం మాట్లాడలేదు. ఇంకొకరి పెళ్ళి తేదీని చేతి మీద వేసుకుని తిరగబోయానా అన్నట్టు చూశాడు. ఆ రోజు నేను టాటూ వేయలేదు, ఇంటికి పంపించేశాను. నాలుగు నెలల తర్వాత మళ్ళీ వచ్చాడు, ఈసారి సొంత తేదీ పట్టుకుని. వాళ్ళ నాన్నకు గుండె ఆపరేషన్ అయ్యి ఇంటికి తిరిగొచ్చిన రోజు. అవే చుక్కలు, అవే గీతలు, పక్కపక్కన పెడితే నాకు తప్ప ఎవరికీ తేడా తెలియదు. కానీ అది వేస్తున్నంత సేపూ వాడు ఆ రోజు గురించే చెప్తూ ఉన్నాడు, ఆటో దిగి నాన్న మెట్లెక్కలేకపోతే కింద పోర్షన్‌వాళ్ళు కుర్చీ తెచ్చి వేశారని, అమ్మ గుమ్మం దగ్గర దిష్టి తీసిందని.

నేను ఈ రోజు చెప్పాలనుకున్నది ఇదే. టాటూకి అర్థం ఏమిటి అని అందరూ అడుగుతారు, యూట్యూబ్‌లో ఫలానా హీరోయిన్ టాటూల అర్థాలు అని వీడియోలకు వీడియోలు ఉంటాయి. నా అనుభవంలో అర్థం బొమ్మలో ఉండదు. ఏ రోజు వేయించుకున్నారో, ఎవరి కోసం వేయించుకున్నారో, అప్పుడు వాళ్ళ బతుకు ఎలా ఉందో, అందులో ఉంటుంది. బతుకు మారితే చర్మం మీద అక్షరం మారదు గానీ దాన్ని మోసే మనిషి మారతాడు.

సమంత గారి సంగతే చూడండి. ఆమె వీపు మీద, పైన, వైఎంసీ అని మూడు ఇంగ్లీషు అక్షరాలు వేయించుకున్నారు. 2010లో వచ్చిన 'ఏ మాయ చేసావే', తెలుగులో ఆమె మొదటి సినిమా. ఒక అమ్మాయి జీవితం మొత్తం తిరిగిన మలుపు అది, ఆ పేరు ఒంటి మీద ఉంచుకోవడంలో నాకేమీ వింత కనిపించలేదు. తర్వాత మణికట్టు మీద బాణాల గుర్తు, అదే చైతన్య గారూ చేతికి వేయించుకున్నారు, పక్కటెముకల దగ్గర ఆయన పేరు. 2022లో ఫ్యాన్స్‌తో మాట్లాడుతూ, చిన్నప్పటి నాకు నేను ఒక సలహా ఇవ్వాలంటే ఎప్పటికీ టాటూ వేయించుకోవద్దు అని చెప్తాను అనే అర్థంలో అన్నారు. టాటూ వేసే మనిషిగా ఆ మాట నాకు గుచ్చుకుంది, కానీ తప్పనిపించలేదు. నాకు బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. ఆమె ఎక్కడికి వెళ్ళినా ఫోటోలు జూమ్ చేసి, ఆ పేరు ఇంకా ఉందా, చెరిగిందా, మేకప్ వేసి దాచిందా అని జనం లెక్కలు కడతారు. ఒక మనిషి ఒంటి మీద గాయం మానిందా లేదా అని వేలు పెట్టి చూడటం లాంటిదే అది. నా షాపులో ఎవరైనా అలా మాట్లాడితే నేను మెషిన్ ఆపేస్తాను.

పేర్ల విషయంలో ఇంకా చాలామంది ఉన్నారు. నయనతార గారి చేతి మీద ప్రభు అని ఉండేది, తర్వాత దాన్ని పాజిటివిటీ అనే మాటగా మార్పించుకున్నారు. హాలీవుడ్ నటుడు జానీ డెప్ అయితే ప్రియురాలి పేరుతో వినోనా ఫరెవర్ అని రాయించుకుని, విడిపోయాక ఆ పేరులో చివరి రెండు ఇంగ్లీషు అక్షరాలు తీసేయించి వైనో ఫరెవర్ చేశాడు. వైనో అంటే తాగుబోతు అని. ఇవన్నీ జనం నవ్వుకోవడానికి చెప్పుకునే కథలు అయిపోయాయి గానీ, కవరప్ కోసం, అంటే పాత టాటూ మీద కొత్తది వేసి దాచమని వచ్చిన మనిషి ముఖం ఎదురుగా కూర్చుని చూసినవాడికి నవ్వు రాదు.

నాకు వీటన్నిటిలో నచ్చేది ఏంజెలినా జోలీ చేయి. ఎడమ చేతి పైభాగంలో ఒకప్పుడు డ్రాగన్ బొమ్మ, దాని మీద అప్పటి భర్త బిల్లీ బాబ్ పేరు ఉండేది. విడాకులయ్యాక లేజర్‌తో తీయించేసింది. తర్వాత అదే చోట ఇప్పుడు అంకెల వరసలు ఉన్నాయి, అక్షాంశాలు, రేఖాంశాలు. కంబోడియా, ఇథియోపియా, నమీబియా, ఇలా ఆమె పిల్లలు ఒక్కొక్కరు పుట్టిన చోటు. పిల్లల పేర్లు రాయించుకోలేదు చూశారా, భూమి మీద వాళ్ళు పుట్టిన జాగా రాయించుకుంది. పిల్లవాడు రేపు పెద్దవాడై ఏమైనా కావచ్చు, ఎక్కడికైనా పోవచ్చు, పుట్టిన చోటు మాత్రం అదే.

ఇక్కడ ఒక్క నిమిషం పని గురించి చెప్పాలి, ఎందుకంటే తీసేయించుకుంటే పోతుంది కదా అని చాలా తేలిగ్గా అనుకుంటున్నారు. చర్మం పై పొర ఎప్పటికప్పుడు రాలిపోయి కొత్తది వస్తూ ఉంటుంది. మా సూది దాన్ని దాటి కింది పొరలో, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున రంగు పెడుతుంది. శరీరం ఆ రంగుని బయటి నుంచి వచ్చిన శత్రువుగా చూస్తుంది, మాక్రోఫేజ్‌లని రక్షణ కణాలు వచ్చి దాన్ని మింగేస్తాయి. మింగుతాయి గానీ అరిగించుకోలేవు, అక్కడే ఉండిపోతాయి. మనం చూసే టాటూ నిజానికి కడుపులో రంగు పెట్టుకుని కూర్చున్న ఆ కణాలు. 2018లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఎలుకల మీద పరిశోధించి ఇంకో సంగతి చెప్పారు, ఆ కణం చనిపోయినప్పుడు రంగు బయట పడుతుంది, వెంటనే పక్కన కొత్తగా వచ్చిన కణం దాన్ని మళ్ళీ మింగుతుంది. ఒకటి పోతూ పోతూ తన మూట ఇంకోదాని చేతికి అందించి పోతుందన్నమాట. ఈ సంగతి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు, పదేళ్ళుగా చేస్తున్న పని మొదటిసారి అర్థమైనట్టు అనిపించింది. లేజర్ చేసేది ఏమిటంటే ఆ రంగు ముక్కల్ని చిన్న చిన్న పొడిగా పగలగొట్టడం, అప్పుడు శరీరం కొద్దికొద్దిగా బయటకు తోసేస్తుంది. ఒక్క సిట్టింగ్‌తో కాదు, నెలల తరబడి, చాలాసార్లు. నలుపు త్వరగా పోతుంది, ఆకుపచ్చ, పసుపు మొండికేస్తాయి. కవరప్ అయితే పాతదాని కంటే పెద్దది, ముదురుది వేయాలి. చిన్న పేరుని దాచాలంటే అరచేతంత పువ్వు కావాలి.

సరే, మళ్ళీ మనుషుల దగ్గరకు వద్దాం.

ప్రియాంకా చోప్రా మణికట్టు మీద నాన్న గారాలపట్టి అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాట ఉంటుంది. అందులో గొప్ప ఏముంది అనిపిస్తుంది. అది వాళ్ళ నాన్న అశోక్ చోప్రా గారి చేతిరాత. ఆయన రాసిన అక్షరాలనే అలాగే దించారు. 2012లో వేయించుకుంది, 2013 జూన్‌లో ఆయన క్యాన్సర్‌తో పోయారు. ఆ మాట ఏ ఫాంట్‌లో అయినా రాయించుకోవచ్చు, ఎంత అందంగానైనా. కానీ ఆ వంపు, ఆ వాలు ఆయన చేతివే. మనిషి పోయాక ఫోటో ఉంటుంది, ఇప్పుడు వీడియోలూ ఉంటున్నాయి, చేతిరాత మాత్రం బీరువాలో పాత కాగితాల్లో పడి ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు.

చేతిరాత టాటూలు నేను చాలా వేశాను, నా పనిలో నాకు ఇష్టమైనవి అవే. ఉత్తరాలు తెస్తారు, కిరాణా ఖాతా పుస్తకాలు తెస్తారు, ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం తెస్తారు. కిందటి దసరా ముందు ఒకాయన వచ్చాడు, క్యాబ్ నడుపుతాడు, సొంతూరు మహబూబ్‌నగర్ వైపు. పొదుపు సంఘం పాస్‌బుక్ తెచ్చాడు. అందులో వాళ్ళమ్మ సంతకాలు, తెలుగులో. ఆమె బడికి పోలేదు, సంఘంలో చేరాక, వేలిముద్ర వేయడం నామోషీ అనిపించి, రాత్రిళ్ళు పలక మీద దిద్ది పేరు రాయడం నేర్చుకుందట. పేరు చివర 'అమ్మ' వస్తుంది, ఆమె చివరి అక్షరానికి మ-వత్తు పెట్టలేదు, ప్రతి పేజీలోనూ అంతే. పుస్తకం అంతా తిరగేసి, మొట్టమొదటి సంతకం చూపించి ఇది కావాలన్నాడు. స్టెన్సిల్, అంటే చర్మం మీద అంటించే నమూనా, తీస్తూ అలవాటు కొద్దీ నేను వత్తు పెట్టేశాను. ఆయన చూసి, "అన్నా, అది మా అమ్మ రాసింది కాదు" అన్నాడు. చెరిపేసి మళ్ళీ తీశాను. అక్షరం వణికిన చోట వణుకు, పెన్ను ఆగిన చోట చుక్క, అన్నీ ఉన్నవి ఉన్నట్టు. ఒక గంట పట్టాల్సిన పని మూడు గంటలు పట్టింది. నేను తీసుకున్న డబ్బులు గంటకే.

విరాట్ కోహ్లీ ఒంటి మీద చాలా ఉన్నాయి, శివుడు, సమురాయ్, మఠం, ఇవే అందరూ అడుగుతారు నన్ను. ఎవరూ అడగనివి రెండు అంకెలు, 175, 269. భారత్ తరఫున వన్డేలు ఆడినవాళ్ళలో అతను 175వ వాడు, 2008లో. టెస్టుల్లో 269వ వాడు, 2011లో. సెంచరీల లెక్క రాయించుకోలేదు, తన కంటే ముందు ఆ టోపీ పెట్టుకున్నవాళ్ళు 174 మంది ఉన్నారని గుర్తుండేలా రాయించుకున్నట్టు నాకు అనిపిస్తుంది. ఇది నా మాట, అతను అలా అన్నాడని కాదు. అమ్మానాన్నల పేర్లు సరోజ్, ప్రేమ్ కూడా ఉన్నాయి. సంజయ్ దత్ నాన్న పేరు హిందీ లిపిలో, అమ్మ నర్గీస్ గారి పేరు ఉర్దూలో రాయించుకున్నాడు. మన హైదరాబాదులో ఇది అర్థం కానివాళ్ళు ఉండరు, ఒకే ఇంట్లో రెండు లిపులు ఉండటం మనకు కొత్త కాదు.

లిపి అంటే గుర్తొచ్చింది. బెక్‌హామ్ తన భార్య విక్టోరియా పేరు హిందీలో రాయించుకుంటే మధ్యలో ఒక 'హ' ఎక్కువ పడింది. ఆరియానా గ్రాండే 2019లో తన పాట పేరు, ఏడు ఉంగరాలు అని జపనీస్‌లో వేయించుకోబోతే, అది బొగ్గుల కుంపటి పేరైంది. మన తెలుగుకీ ఈ గండం ఉంది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో తెలుగు పేస్ట్ చేస్తే వత్తులు విడిపోయి పక్కకు వచ్చి కూర్చుంటాయి, తెలుగు చదవడం రాని ఆర్టిస్టు అయితే అలాగే పొడిచేస్తాడు. అలాంటివి సరిచేయమని నా దగ్గరకు ఎన్నో వచ్చాయి. అందుకే పెన్నుతో మీ చేత్తో రాసి, పైకి చదివి వినిపించండి అంటాను, స్టెన్సిల్ అంటించాక ఇంకోసారి చదివిస్తాను.

ఇప్పుడు మా నాయనమ్మ గురించి చెప్పాలి. ఈ ముచ్చట చెప్పకుండా పోతే మనసొప్పదు.

మాది సూర్యాపేట దగ్గర పల్లె. మా నాయనమ్మకు రెండు చేతుల నిండా పచ్చబొట్లు. మణికట్టు దగ్గర తేలు, తులసికోట, గదవ మీద ఒక్క చుక్క. కుడి ముంజేతి మీద మా తాత పేరు. ఊళ్ళోకి ఎరుకల ఆడవాళ్ళు వచ్చేవారట, సోది చెప్పేవాళ్ళే పచ్చబొట్లూ పొడిచేవాళ్ళు. ఆదిలాబాద్ గోండు గూడేల్లో ఈ పని తోటి అనే తెగ ఆడవాళ్ళది. దీపం మసి, ఆకు పసరు, కొన్నిచోట్ల చంటిబిడ్డ తల్లి పాలు కలిపి, సూదులు కట్టగా కట్టి పొడిచేవారు, పైన పసుపు రాసేవారు. మసి నల్లగా ఉంటుంది కదా, మరి పచ్చబొట్టు అని ఎందుకన్నారు అని చిన్నప్పుడు నాకు డౌటు. చర్మం కింద నలుపు ఉన్నప్పుడు, పైనున్న చర్మం వెలుతురుని చెదరగొట్టడం వల్ల మన కంటికి నీలం కలిసిన పచ్చగా కనిపిస్తుంది. పేరు పెట్టినవాళ్ళు చూసిందే చెప్పారు.

ఆ రోజుల్లో ఆడవాళ్ళు భర్త పేరు నోటితో పలికేవాళ్ళు కాదు. రేషన్ కార్డు రాయడానికి సార్లు వచ్చి భర్త పేరేంటమ్మా అని అడిగితే, మా నాయనమ్మ చీర చెంగు పక్కకు జరిపి చేయి చాపి చూపించేదట, చదువుకోండి అన్నట్టు. ఆమెకు అక్షరం ముక్క రాదు. తన చేతి మీద ఏముందో తనే చదవలేదు, అయినా అది ఎవరి పేరో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు.

తాత పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. గాజులు పగలగొట్టారు, పుస్తెలు తీశారు, బొట్టు చెరిపారు. నేను పక్కనే ఉన్నాను. చేతి మీద పేరు మాత్రం ఎవరూ ఏం చేయలేకపోయారు. కొన్నేళ్ళకు నేనే అడిగాను, నాయనమ్మా, నొప్పి పెట్టలేదా ఇవి పొడిపించుకుంటే అని. "పెట్టింది బిడ్డా. నగలు తాకట్టుకు పోతయి, పుస్తెలు సుత ఊడదీస్తరు. గివే నాతోని కట్టెలదాంక వచ్చేటియి" అంది. నేను ఈ పనిలోకి ఎందుకు వచ్చానని ఎవరు అడిగినా నా దగ్గర ఉన్న జవాబు అదొక్కటే.

అందుకే టాటూ అంటే సినిమావాళ్ళ ఫ్యాషన్, విదేశీ మోజు అని ఎవరైనా అంటే నాకు చాలా కష్టంగా ఉంటుంది. కరెంటు మెషిన్‌కి 1891లో న్యూయార్క్‌లో పేటెంట్ తీసుకున్నారు, నిజమే. మరి మన జాతరల్లో చేయి చాపిన ఆడవాళ్ళంతా ఎవరిని చూసి నేర్చుకున్నారు?

జాతర మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. మేడారం పోయినా ఇంకే జాతరకు పోయినా, ఒకే సూదితో వరసగా అందరికీ పొడిచేవాడి దగ్గర కూర్చోకండి, హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ అలాంటి సూది నుంచి కూడా రావచ్చు. నా దగ్గరైనా సరే, సూది ప్యాకెట్ మీ కళ్ళ ముందు చింపమని అడగండి. వేయించుకున్నాక ఏడాది దాకా రక్తదానం చేయకూడదు. సైన్యానికి, పోలీసు ఉద్యోగాలకు ప్రిపేర్ అయ్యే తమ్ముళ్ళు ముందు నోటిఫికేషన్ చదువుకోండి. ఆర్మీలో ముంజేతి లోపలి వైపు, అరచేతి వెనక వైపు తప్ప వేరేచోట శాశ్వతమైన టాటూ ఉంటే తీసుకోరు, గిరిజన అభ్యర్థులకు వాళ్ళ ఆచారం ప్రకారం ఉన్నవాటిని మాత్రం పరిశీలించి ఒప్పుకుంటారు. అభిమాన హీరో ముఖం మెడ మీద వేయమని వచ్చిన ఒక అబ్బాయిని రన్నింగ్ ప్రాక్టీస్ షూలు చూసి ఆపాను. కోపంగా వెళ్ళిపోయాడు, పర్వాలేదు.

ఆ క్యాబ్ నడిపే ఆయన ముచ్చట పూర్తి కాలేదు. కిందటి వారం వాళ్ళమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. దసరాకు ఊరికి పోతే అమ్మ చేయి పట్టుకుని చూసిందట, అప్పటి నుంచి ఒకటే పోరు. ఆమె ఇప్పుడు సంతకం తప్పు లేకుండా పెడుతుంది, సంఘం లీడర్ దిద్దించిందట. నా కుర్చీలో కొడుకును కూర్చోబెట్టి, కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి నాకు చూపించింది. "గిక్కడ వత్తు లేదు సారూ. నలుగురు చూస్తే అమ్మకు రాయరాదంటరు. జెర పెట్టుండ్రి, పైసలు నేనిస్త" అంది. ఆయనేమో వద్దన్నా వద్దు అని చేయి వెనక్కి లాక్కున్నాడు. అది నువ్వు మొదటిసారి రాసింది అమ్మా అంటాడు, తప్పు రాసింది నేనైతే దిద్దేది నేను కాదా అంటుంది. ఇద్దరూ నా వైపు చూశారు. నాకు ఇద్దరిదీ న్యాయంగానే అనిపించింది, ఏం చెప్పాలో తోచక చాయ్ తెప్పించాను. చాయ్ తాగి, ఇంటికి పోయి మాట్లాడుకుని వచ్చే ఆదివారం వస్తామన్నారు. పోతూ పోతూ ఆమె నా బల్ల మీదున్న కాగితం తీసుకుని, పెన్ను అడిగి, వత్తుతో సహా తన పేరు రాసి పెట్టి వెళ్ళింది. కాగితం ఇంకా ఆ బల్ల మీదే ఉంది.